ముందు ముంచు, తర్వాతే స్విచ్ వెయ్యి: ఇంజన్ కూలెంట్ హీటరు గురించి అనంతపురంలో చేసిన ప్రసంగం

(ఒక ఆదివారం పొద్దున అనంతపురంలో షెడ్డు మేస్త్రీలు, డ్రైవర్లు, ఐటీఐ పిల్లలు కూడిన చోట మాట్లాడింది ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేసినాం. తడబాట్లు మాత్రం తీసేసినాం, మిగతా మాటలు ఆయనవే.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినోళ్ళు ముందుకు రండప్పా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండి రండి. ఈ టేబుల్ మీద పెట్టిన సామాన్లు అక్కడ్నుంచి కనపడవు మీకు.

నన్ను పిలిచినప్పుడు టాపిక్ ఏందన్నా అని అడిగితే ఇంజన్ కూలెంట్ హీటరు అని చెప్పినా, ఫోన్లో అవతల అన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగినాడు, అన్నా అనంతపురంలో ఎండాకాలం 42, 43 డిగ్రీలు పోతాది, బండి వేడెక్కకుండా చూసుకునేదానికే మనకు టైం చాలడంలేదు, ఇంజన్ను వేడి చేసే హీటరు మనకెందుకన్నా అని. మంచి ప్రశ్న. మీలో కూడా శానామంది మనసులో అదే ఉంటాది. ముందే చెప్తున్నా, మీ కారుకు ఈ ఊర్లో ఆ హీటరు అవసరం లేదు, ఎవరైనా బిగిస్తామంటే బిగించుకోవద్దండి. కానీ ఆ పని నేర్చుకుంటే మాత్రం, కూలెంట్ అనేది, అంటే ఇంజన్‌కూ రేడియేటరుకూ మధ్య తిరిగే ఆ రంగునీళ్ళు, ఏం చేస్తాదో మీకు అర్థమైనట్లు ఇంగ దేంట్లోనూ అర్థం కాదు. నాకు అట్లనే అర్థమయింది. ఇరవై ఏళ్ళ నుంచి రేడియేటర్లు విప్పుతున్నా, దాంట్లో ఆరేళ్ళు కెనడాలో, ఆల్బర్టాలో ఎడ్మంటన్ అనే ఊర్లో చేసినా. ఇక్కడ చేసిన పని అక్కడ అర్థమయింది నాకు.

ఇంకో కారణం కూడా ఉంది. ఇక్కడ కూర్చున్న ఐటీఐ పిల్లల్లో కొంతమంది బయటి దేశాలకు పోవాలని చూస్తున్నారు. మీ అన్నలో అక్కలో ఇప్పటికే పోయిన ఇండ్లు కూడా ఉంటాయి. వాళ్ళు ఫోన్ చేసి ఇక్కడ కార్ల ముందు గ్రిల్లులోంచి కరెంటు ప్లగ్గు వేలాడతా ఉంటాది, అదేందిరా అని అడుగుతారు చూడు, అదే ఇది.

సరే. చలిలో ఇంజన్ ఎందుకు మొరాయిస్తాది? మన ఇండ్లల్లోనే ఉంది జవాబు. డిసెంబర్లో పొద్దున కొబ్బరినూనె సీసా ఎట్లుంటాది? గడ్డకట్టి తెల్లగా, తలకిందులు చేసినా కారదు. అమ్మ దాన్ని పొయ్యి పక్కన పెడ్తాది, లేదంటే ఎండలో పెడ్తాది. మనకు 15, 16 డిగ్రీలకే అట్లుంటే, మైనస్ 30 డిగ్రీల్లో ఇంజన్ ఆయిల్ ఎట్లుంటాది? అది పూర్తిగా గడ్డకట్టదు గానీ తేనెపాకం మాదిరి చిక్కబడిపోతాది. స్టార్టర్ మోటర్ ఆ పాకంలో క్రాంక్, అంటే ఇంజన్ లోపలి ఇరుసు, తిప్పాల. తిప్పేదానికి బ్యాటరీ ఉండాల గదా, ఆ చలికి బ్యాటరీ బలం కూడా సుమారు సగానికి పడిపోతాది. అంటే పనేమో పెరిగింది, పనిచేసేవాడి బలం తగ్గింది. డీజిల్ బండి అయితే ఇంకా కష్టం, దాంట్లో స్పార్క్ ప్లగ్గు లేదు, గాలిని నొక్కితే పుట్టే వేడికే డీజిల్ మండాల, ఆ వేడినంతా మంచులాంటి బ్లాకు, అంటే సిలిండర్లు ఉండే ఇంజన్ దిమ్మ, పీల్చేస్తాది. ఒకవేళ స్టార్ట్ అయినా మొదటి నిమిషంలో ఆయిల్ పైకి ఎక్కదు, ఇనుము ఇనుముతో రుద్దుకుంటాది. ఇంజన్ అరుగుదల శానా వరకు ఆ చల్లటి స్టార్టింగ్‌లోనే జరుగుతాది.

దీనికి మందు కనిపెట్టినాయన అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రం, గ్రాండ్ ఫోర్క్స్ ఊరాయన, పేరు ఆండ్రూ ఫ్రీమన్. పల్లెలకు కరెంటు ఇచ్చే సహకార సంఘంలో మేనేజరు. పాత సామాన్లలోంచి తీసిన కాయిల్, రాగి పైపు ముక్క, ఇట్లాంటివే పెట్టి తయారు చేసినాడు, ఇంజన్ హెడ్డు, అంటే సిలిండర్ల మీది మూత, దాని బోల్టు ఒకటి తీసి దాని జాగాలో ఈ వేడి బోల్టు బిగించినాడు. 1949లో పేటెంట్ వచ్చింది. ఆ కథ వింటే నాకు మన షెడ్లే గుర్తొస్తాయి. సామాను లేకపోతే ఉన్నదాంతో చేయడం మనకు కొత్తా?

ఇప్పుడు ఎక్కువగా వచ్చేవి బ్లాకు పక్కన దిగేవి. చూడండి, ఇది. ఇంత చిన్నది, నా బొటనవేలంత కాయిల్, వెనకాల రెండు పిన్నులు, ఒక రబ్బరు రింగు, మధ్యలో ఒక స్క్రూ. ఇది ఏందిది? మీ ఇండ్లల్లో ఉండే వాటర్ హీటరు రాడ్డే. బకెట్లో వేసి నీళ్ళు కాచుకుంటాం గదా, అదే రాడ్డు, అదే పని. బకెట్ బదులు ఇంజన్ బ్లాకు, నీళ్ళ బదులు కూలెంట్. అంతే తేడా. ఈ మాట గట్టిగా మనసులో పెట్టుకోండి, ఇంగ నేను చెప్పేదంతా ఈ రాడ్డు నుంచే వస్తాది.

యాడ దిగుతాది ఇది? బ్లాకు పక్కన గిన్నె మూతల మాదిరి గుండ్రటి రేకు బిళ్ళలు ఉంటాయి, కోర్ ప్లగ్గులు అంటాం. నీళ్ళు గడ్డకట్టి ఉబ్బితే బ్లాకు పగలకుండా ఈ బిళ్ళలు ఊడి కాపాడతాయని శానామంది చెప్తారు, ఆ నమ్మకం పెట్టుకోవద్దండి. బ్లాకు పోత పోసేటప్పుడు లోపల ఇసుక అచ్చు ఉంటాది, ఆ ఇసుక బయటికి తీసే దారులు ఇవి, తర్వాత బిళ్ళ కొట్టి మూసేస్తారు. నీళ్ళు మంచు అయితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి, అప్పుడు బిళ్ళా పోతాది బ్లాకూ పగులుతాది. దానికి కాపలా కూలెంటే, బిళ్ళ కాదు.

పని ఎట్ల చేస్తాం అంటే, ముందు ఇంజన్ చల్లబడాల. పూర్తిగా చల్లబడాల. వేడి రేడియేటరు మూత తీసి మొహం కాల్చుకున్నోళ్ళు ఈ హాల్లోనే ఉంటారు, నేను వాళ్ళను చూడను, వాళ్ళకు తెలుసు. తర్వాత కూలెంట్ కింద ట్రేలోకి దించాల, నేల మీద కాదు. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటాది, కుక్కలు పిల్లులు నాకి చస్తాయి, చిన్నపిల్లలకు కూడా విషమే. మన షెడ్ల ముందర కాలవల్లోకి ఆకుపచ్చగా పారుతా ఉంటాది చూడండి, అది ఆపాల మనం. ఆపాల.

ఏ బిళ్ళ తీయాలో మీ ఇష్టం కాదు, ఆ ఇంజన్‌కు ఏ హోలు చెప్పినారో అదే. ఒక్కోసారి అది సైలెన్సర్ మానిఫోల్డు వెనక ఉంటాది, స్టార్టర్ మోటర్ విప్పితే గానీ చెయ్యి దూరదు. బిళ్ళ అంచు మీద ఒక పక్కన పంచ్ పెట్టి సుత్తితో చిన్నగా కొడితే అది అడ్డంగా తిరుగుతాది, అప్పుడు ప్లయర్‌తో పట్టి లాగాల. గట్టిగా కొడితే బిళ్ళ లోపల పడిపోతాది, ఇంగ మీకూ దానికీ తెల్లారినా తెగదు. హోలు చుట్టూ తుప్పు సన్న ఎమెరీ పేపర్‌తో తుడవాల, గీత పడకూడదు, గీత పడితే ఆ గీతలోంచే కారుతాది. తర్వాత రబ్బరు రింగుకు కొంచెం కూలెంట్ తడిపి హీటరు లోపలికి పెట్టి, కాయిల్ ఏ పక్కకు తిరగాలో కాగితంలో ఉన్నట్లు తిప్పాల. కాయిల్ లోపల సిలిండర్ గోడకు తగలకూడదు. పెట్టినాక వేళ్ళతో అటూ ఇటూ కదిలించి చూడండి, టిక్ మని తగిలితే కొంచెం తిప్పండి. గోడకు ఆనిన చోట కూలెంట్ తిరగదు, అక్కడే కాలిపోతాది కాయిల్. ఆ తర్వాతే స్క్రూ బిగించాల, అదీ చెప్పినంతే.

రెండో రకం కింది హోస్ పైపు కోసి మధ్యలో పెట్టేది. మూడోది బయట చిన్న ట్యాంకు మాదిరి బిగించేది, దాంట్లో పంపు లేకపోతే వేడి నీళ్ళు పైకి పోతాయి, చల్లటివి కిందికి వస్తాయి అనే సూత్రం మీదే తిరగాల, కాబట్టి ట్యాంకు ఇంజన్ కన్నా కిందుండాల, పైకి పోయే పైపు యాడా ఒంపు తిరగకుండా ఏటవాలుగా ఎక్కాల. ఒంపు ఉంటే అక్కడ గాలి కూర్చుంటాది. డీజిల్, పెట్రోలు మండించే హీటర్లు కూడా ఉన్నాయి, వాటికి పొగ గొట్టం ఉంటాది, మూసిన గ్యారేజీలో ఆన్ చేస్తే మనిషి నిద్రలోనే పోతాడు. వాటి గురించి ఇంతకన్నా ఈరోజు చెప్పను, అది వేరే క్లాసు.

ఇప్పుడు అసలు విషయం. హీటరు బిగించినాం, కూలెంట్ పోసినాం, ప్లగ్గు పెట్టేద్దామా?

పెట్టేద్దామా? చెప్పండప్పా.

మీ ఇంట్లో రాడ్డు ఎట్ల వాడతారు? ముందు బకెట్లో ముంచి తర్వాత స్విచ్ వేస్తారు. స్విచ్ వేసి గాల్లో పట్టుకుంటే? నిమిషం కూడా అక్కర్లేదు, ఎర్రగా మారి ఠప్ మంటాది. మా అవ్వ కూడా చెప్పేది, ముందు ముంచు, తర్వాత స్విచ్ వెయ్యి అని, ఆమెకు బడి చదువు లేదు. ఈ విషయం తెలిసి కూడా నేను ఏం చేసినానో చెప్తా. ఇదో, ఇది పట్టుకోండి, అందరికీ తిప్పండి. నల్లగా ఉంది గదా? సన్నగా పగులు కూడా కనపడతాది, గోరు పెట్టి చూడండి. ఇది ఎడ్మంటన్‌లో నా రెండో చలికాలం. ఒకామె వ్యాన్, ఆమె ఆస్పత్రిలో నర్సు, పొద్దున 6 గంటలకు డ్యూటీ. సాయంత్రం పని ఆలస్యమైంది, కూలెంట్ పోసినా, పైదాకా నిండింది, మూత పెట్టేసి ప్లగ్గు పెట్టి చూసినా. సుయ్య్ మని చప్పుడు వచ్చింది, హీటరు పనిచేస్తే అట్లాంటి చప్పుడు వస్తాదిలే అనుకున్నా. కాసేపటికి చప్పుడు ఆగిపోయింది. వేడెక్కింది గదా అందుకే ఆగింది అనుకున్నా. బండి అప్పజెప్పినా. మరుసటి రోజు మైనస్ 28. ఆమె రాత్రి ప్లగ్గు పెట్టుకుంది, పొద్దున బండి కదల్లేదు. ఆ చలిలో బస్సు కోసం నిలబడి ఆస్పత్రికి పోయింది. సాయంత్రం వచ్చి నన్ను ఒక్క మాట అనలేదు, తాళం ఇచ్చింది అంతే. ఆ తాళం తీసుకునేటప్పుడు నా చెయ్యి ఎట్లుందో నాకు తెలుసు.

విప్పి చూస్తే ఇది. కాయిల్ ఉన్న చోట గాలి కూర్చుంది. నేను పైన నిండింది చూసినా గానీ కింద ఖాళీ ఉందని చూడలేదు. కూలెంట్ పోసినంత మాత్రాన నిండినట్లు కాదప్పా. సందుల్లో గాలి దాక్కుంటాది. బోనెట్ పక్క ఎత్తులో ఉండేట్లు బండి పెట్టాల, ఎయిర్ తీసే స్క్రూ ఉంటే తెరవాల, లోపల క్యాబిన్ హీటరు ఫుల్లుగా పెట్టాల, ఇంజన్ స్టార్ట్ చేసి థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటరుకు పోనీయని వాల్వ్, తెరుచుకునే దాకా, 82, 88 డిగ్రీలు వస్తాది దగ్గర దగ్గర, అంతదాకా ఓపిగ్గా నిలబడాల, హోస్ పైపులు చేత్తో పిసకాల, బుడగలు వస్తా ఉంటాయి, బుడగలు ఆగినాక కూడా ఇంకోసారి చూడాల. తర్వాత బండి ఆపి, చల్లారినాక మళ్ళీ లెవెల్ చూసి పోసి, అప్పుడు ప్లగ్గు. దీనికి ఒక గంట పోతాది. ఆ గంట నేను ఆరోజు ఇయ్యలేదు.

వైరు సంగతి త్వరగా చెప్పేస్తా. ఫ్యాన్‌కు, బెల్టుకు, సైలెన్సర్‌కు దూరంగా కట్టుకుంటా పోయి ముందు గ్రిల్లు దగ్గర ప్లగ్గు తేలాల. ఎర్త్ పిన్ను కోసేయకూడదు, తడి మంచులో నిలబడి ఇనుప బండిని పట్టుకుంటారు మనుషులు. రాత్రంతా పెట్టాల్సిన పని లేదు, స్టార్ట్ చేసే ముందు రెండు మూడు గంటలు చాలు, టైమర్ పెట్టుకుంటే సరి. 400 వాట్ల హీటరు మూడు గంటలకు ఒకటింబావు యూనిట్ కూడా కాల్చదు, రాత్రి పదిగంటలు పెడితే నాలుగు యూనిట్లు.

మీ పిల్లలు అక్కడ్నుంచి ఎవరైనా దీన్ని ఇక్కడికి తెస్తే మాత్రం మన కరెంటులో పెట్టొద్దండి. అక్కడ 120 వోల్టులు, మనది 230. వోల్టేజీ రెట్టింపు దాకా అయితే వేడి రెట్టింపు కాదు, దాదాపు మూడున్నర రెట్లు దాటుతాది. 400 వాట్లది 1,400 దాటిపోతాది. కాయిల్ ఉండదు ఇంగ.

సరే, ఇప్పుడు మన ఊరికొద్దాం. మన ఊర్లో కూలెంట్ హీటర్లు లేవా? ఉన్నాయి. పెద్ద జనరేటర్లు చూడండి, ఆస్పత్రుల్లో ఉండేవి. కరెంటు పోయిన కొన్ని సెకన్లకే లోడ్ ఎత్తుకోవాల, ఆపరేషన్ థియేటర్ ఆగకూడదు, అందుకని ఇంజన్ నీళ్ళను ఎప్పుడూ వెచ్చగా, 40 డిగ్రీల దగ్గర పెట్టి ఉంచుతాది ఒక హీటరు. ఒకచోట జనరేటరు హీటరు మూడుసార్లు కాలిందని పిలిచినారు. ఇదో, ఇది మూడోది. తెల్లగా సున్నం పూసినట్లుంది గదా? కాయిల్ యాడుంది దీంట్లో? కనపడదు. బోరు నీళ్ళు పోసినారు లెవెల్ తగ్గినప్పుడంతా. మన అనంతపురం బోరు నీళ్ళు మీకు చెప్పాలా నేను? గీజరు విప్పితే ఏమొస్తాది? బాత్రూం షవర్ బొక్కలు ఆర్నెల్లకు ఎట్ల మూసుకుంటాయి? అదే సున్నం ఈ కాయిల్ మీద పేరుకుంది. కాయిల్‌లో పుట్టిన వేడి చుట్టూ ఉన్న నీళ్ళకు పోలేదు, సున్నం దుప్పటి కప్పుకున్నట్లు అయింది, లోపలే ఉడికి పోయింది. అక్కడ నాది గాలి చంపింది, ఇక్కడ దీన్ని సున్నం చంపింది. రెండింట్లోనూ జరిగింది ఒకటే, వేడిని తీసుకుపోవాల్సిన నీళ్ళు వేడి పక్కన లేవు.

కూలెంట్ అంటే చల్లబరిచేది అనుకుంటాం మనం పేరు చూసి. వేడిని మోసేది అది. హమాలీ మాదిరి. ఇంజన్ వేడిగా ఉంటే రేడియేటరుకు మోస్తాది, హీటరు వేడిగా ఉంటే ఇంజన్‌కు మోస్తాది. మూట యాడ ఎత్తాలో అక్కడ హమాలీ నిలబడి ఉండాల గదా?

ఇప్పుడు కడప నుంచి రాయచోటి పోయే గువ్వలచెరువు ఘాట్ తీసుకోండి. మే నెల, మధ్యాహ్నం, ఏసీ ఫుల్లు, ఫుల్లు లోడు. పైన మలుపుల్లో ఒక కారు బోనెట్ ఎత్తి ఆగి ఉంటాది, ఆవిరి వస్తా ఉంటాది. డ్రైవర్ను అడగండి, టెంపరేచర్ ముల్లు ఎక్కలేదన్నా, మధ్యలోనే ఉంది, ఉన్నట్టుండి ఆగిపోయింది అంటాడు. అబద్ధం చెప్పడంలేదు. కూలెంట్ లెవెల్ తగ్గిపోయి సెన్సర్ గాలిలో ఉంది, గాలిలో ఉండే సెన్సర్ నీళ్ళ వేడి ఎట్ల చెప్తాది? ముల్లు కిందికే దిగినా దిగుతాది. ముల్లు చూసి ధైర్యంగా ఎక్కుతా ఉంటాడు, హెడ్డు వంకర పోతాది, గ్యాస్కెట్ పోతాది. వారానికి ఒక్కసారి, పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బోనెట్ కింద కూలెంట్ డబ్బాలో లెవెల్ చూడండి. నెలలో రెండుసార్లు పోయాల్సి వస్తుంటే యాడో కారుతుందని అర్థం, పోసుకుంటా పోవడం కాదు చేయాల్సింది, వెతకాల.

ఏం పోయాల? బోరు నీళ్ళు కాదు, మునిసిపల్ కుళాయి నీళ్ళు కాదు, మినరల్ వాటర్ క్యాన్ కూడా కాదు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్. కూలెంట్ సగం, ఆ నీళ్ళు సగం. కొన్ని డబ్బాలు కలిపే వస్తాయి, వాటిలో మళ్ళీ నీళ్ళు కలపొద్దు, డబ్బా మీద చదవండి. రంగు చూసి కలపొద్దు, ఆకుపచ్చ ఆకుపచ్చ ఒకటే అనుకోవద్దు, కంపెనీకో రంగు వేసుకుంటారు, మాన్యువల్లో ఏది ఉంటే అది. కొంతమంది మంచిది గదా అని నీళ్ళు లేకుండా ఒట్టి కూలెంటే పోస్తారు. అది కూడా తప్పే. సగం సగం కలిపితే మైనస్ 37 దాకా గడ్డకట్టదు, ఒట్టి గ్లైకాల్ అయితే మైనస్ 13 దగ్గరే గడ్డకడతాది. మనకు గడ్డకట్టేది లేదులే అంటారా? వేడి మోసేదాంట్లో కూడా నీళ్ళంత పని గ్లైకాల్ ఒక్కటే చేయలేదు. తుప్పు ఆపే మందులకు, తొందరగా మరగకుండా ఉండేదానికి కూలెంట్, వేడి మోసేదానికి నీళ్ళు. రెండూ కావాల.

ఇంకొకటి చెప్పాల, ఇది మేస్త్రీలకు, కోపం తెచ్చుకోవద్దండన్నా. బండి వేడెక్కుతుందని వస్తే మనం ఏం చేస్తాం? థర్మోస్టాట్ వాల్వ్ పీకి పక్కన పడేస్తాం. నేనూ పీకినా, కెనడా పోకముందు ఎన్ని పీకినానో లెక్కలేదు. అక్కడ ఇంజన్‌కు వేడి ఇచ్చేదానికి మనుషులు డబ్బులు పెట్టి హీటర్లు పెట్టించుకుంటా ఉంటే, ఇంజన్ తనంతట తాను వేడి నిలుపుకునే వాల్వ్‌ను మనం తీసి పారేస్తున్నామే అని నాకు అక్కడ తట్టింది. వాల్వ్ లేకపోతే ఇంజన్ ఉండాల్సిన వేడికి రాదు, మైలేజీ పోతాది, ఆయిల్లో తేమ ఆవిరై పోక జిగురు పేరుకుంటాది. వాల్వ్ చెడిపోయిందనిపిస్తే మరిగే నీళ్ళల్లో వేసి చూడండి, తెరుచుకోకపోతే కొత్తది వెయ్యండి. వాల్వ్ బాగానే ఉండి వేడెక్కుతుంటే తప్పు ఇంకో చోట ఉంది, రేడియేటర్లో సున్నమో, మూత స్ప్రింగ్ బలం పోయిందో, ఫ్యాన్ తిరగలేదో, లోపల గాలో. అది వెతికేదానికే గదా మన దగ్గరికి వచ్చింది ఆ మనిషి?

పిల్లలకు ఒక్క మాట. కరెంటు కార్లు వస్తున్నాయి, వాటిలో కూడా కూలెంట్ ఉంది, బ్యాటరీని చల్లగా పెట్టేదానికీ కొన్నిట్లో వెచ్చగా పెట్టేదానికీ. వాటిలో హీటరుకు పోయే వైరు నారింజ రంగులో ఉంటాది, వందల వోల్టులు ఉంటాయి దాంట్లో. ట్రైనింగ్ లేకుండా ఆ నారింజ వైరు ముట్టుకోవద్దు. నాకు తెలుసు గదా అని చెయ్యి పెట్టొద్దు నాయనా.

ఇంగ చాలు, నేను శానాసేపు మాట్లాడినా. మీటర్ తెచ్చినా, ఇక్కడ మూడు హీటర్లు ఉన్నాయి, ఒకటి కొత్తది, ఒకటి గాలికి కాలింది, ఒకటి సున్నం పట్టింది. కొత్తది 120 వోల్టుల 400 వాట్లది, మీటరు 36 ఓమ్స్ దగ్గర చూపించాల. ఎందుకు 36 అని లెక్క వేసి చెప్పినోళ్ళు ముందు రండి. మిగతా రెండింటికీ ఎంత చూపిస్తాదో మీరే మీటరు పెట్టి చూడండి. వెనక బెంచీ పిల్లలు, ముందు మీరు రండి.